మందు పురుగుకు, గడువు గుడ్డుకు: పగడాల తొట్టిలో చీడల లెక్క

ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టి పగడాలు పెంచేవాళ్ళ నోట తరచు వినిపించే మాట ఒకటుంది. "కొత్త ముక్కను మందునీళ్ళలో ముంచాం, పురుగులు రాలిపోయాయి. నెలన్నర తిరిగేసరికి మళ్ళీ అవే పురుగులు." మందు పనిచేయలేదనుకుని ఇంకా ఘాటైన మందు కోసం వెతుకుతారు. నిజానికి మందు తన పని తాను చేసింది. కదిలే పురుగులను చంపింది. పగడం అడుగున, ఎముకలాంటి గట్టి భాగానికి అతుక్కుని ఉన్న గుడ్ల జోలికి పోవడం మాత్రం దాని వల్ల కాలేదు. ఎందుకంటే గుడ్డు గుళికలోకి మందు సరిగా చొరబడదు.

అందుకే పగడాల చీడ మీద గెలుపు సీసాలో దొరకదు, క్యాలెండరులో దొరుకుతుంది. గుడ్డు ఎన్ని రోజులకు పొదుగుతుంది, పిల్ల ఎన్ని రోజులకు మళ్ళీ గుడ్లు పెడుతుంది అన్న రెండు అంకెలు తెలిస్తే, ఎన్నిసార్లు ముంచాలో, ఎన్నాళ్ళు విడిగా ఉంచాలో మనమే లెక్క వేసుకోవచ్చు. ఈ పద్ధతి తెలుగు రైతుకు కొత్తది కాదు. పత్తిలో గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెట్టి, రోజుకు ఎన్ని రెక్కల పురుగులు పడుతున్నాయో లెక్కపెట్టి, పిచికారీకి అదను చూసుకుంటారు. తొట్టి దగ్గరా అదే ఓర్పు కావాలి.

2011: పేరు పెట్టింది తొట్టిలో దొరికాకే

పగడాల చీడల్లో అందరూ ఎక్కువగా భయపడేది ఆక్రోపొరా జాతి పగడాలను తినే చదునుపురుగు. ఇది శాస్త్రవేత్తలకు మొదట దొరికింది సముద్రంలో కాదు, అక్వేరియంలలోనే. వాటిలో దొరికిన పురుగులను చూసే 2011లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించి అమాకుసాప్లానా ఆక్రోపొరే అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో, లిజార్డ్ ఐలాండ్ దగ్గర, సహజమైన పగడాల మీద కూడా కనిపించింది. 2019లో జరిగిన వర్గీకరణ సవరణతో ఇప్పుడు దీని పేరు ప్రోస్థియోస్టోమమ్ ఆక్రోపొరే.

సముద్రంలో అరుదుగా కంటబడే ప్రాణి తొట్టిలో ఎందుకంత చెలరేగుతుంది? సముద్రంలో దాన్ని తినే చేపలు, రొయ్యలు, పీతలు పగడం కొమ్మల్లోనే కాపురముంటాయి. తొట్టిలో ఆ కాపలా లేదు. పైగా కొన్ని వందల లీటర్ల నీటిలో అదే జాతి పగడాలు జానెడు దూరంలో వరసగా ఉంటాయి. తిండి పక్కనే ఉంది, శత్రువు లేడు, నీరు ఏడాది పొడుగునా ఒకే వెచ్చదనంలో ఉంటుంది. చీడ పెరగడానికి ఇంతకన్నా అనువైన చోటు సముద్రంలో ఉండదు.

దీన్ని కనిపెట్టడం కష్టం. పొడవు సెంటీమీటరు దాటదు, చాలావరకు కొన్ని మిల్లీమీటర్లే. ఒళ్ళు పలచగా, పారదర్శకంగా ఉంటుంది. అది తిన్న పగడపు కండ, ఆ కండలో ఉండే సూక్ష్మమైన శైవలాలు దాని పేగులో నుంచి కనిపిస్తాయి కనుక పురుగు అచ్చం పగడం రంగులోనే ఉంటుంది. ముందు మన కంటికి దొరికేది పురుగు కాదు, అది తిన్న గాట్లు. కొమ్మ కింది భాగంలో, నీడ పట్టున, గుండ్రని పాలిపోయిన చుక్కలు వరసగా కనిపిస్తే అనుమానించాలి. పగడం రంగు తగ్గి, కింది నుంచి తెల్లబడుతూ వస్తుంటే అనుమానం బలపడినట్టే.

10 రోజులు, 3 వారాలు, 5 వారాలు

వెచ్చటి తొట్టి నీటిలో ఈ పురుగు గుడ్లు సుమారు 10 రోజుల నుంచి 3 వారాల మధ్య పొదుగుతాయి. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల పెరిగి మళ్ళీ గుడ్డు పెట్టేదాకా చూస్తే, మొత్తం చక్రం 5 వారాల పైచిలుకు. నీరు చల్లగా ఉంటే ఈ గడువు సాగుతుంది, వెచ్చగా ఉంటే తగ్గుతుంది. కాబట్టి తొట్టి ఉష్ణోగ్రత తెలియకుండా ఎవరో చెప్పిన రోజుల లెక్కను నమ్మకూడదు.

ఈ అంకెల బరువు తెలియాలంటే చిన్న లెక్క వేసి చూద్దాం. ఇది అర్థం కావడానికి అనుకున్న లెక్కే. ఒక్క పురుగు మిగిలింది, 20 గుళికల గుడ్ల ముద్ద పెట్టింది అనుకుందాం. ఒక్కో గుళికలో ఒకటికి మించి పిల్లలుంటాయి, మనం 3 అనుకుందాం. 20 ఇంటూ 3 అంటే 60 పిల్లలు. పదింటిలో ఒకటే బతికినా 6 మిగులుతాయి. మరో తరానికి 36, ఆ పై తరానికి 216. ఇవన్నీ నాలుగు నెలల్లోపు జరిగిపోతాయి, అదీ ఒక్కో పురుగు జీవితంలో ఒక్కసారే గుడ్లు పెడుతుందనుకుంటే. తొలి రెండు నెలలు తొట్టి బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తర్వాత ఉన్నట్టుండి కొమ్మలన్నీ తెల్లబడ్డాయని చాలామంది అనడానికి కారణం ఇదే. చీడ ఉన్నట్టుండి రాలేదు. మొదటి రెండు తరాలు మన చూపుకు అందలేదు, అంతే.

వారానికోసారి, 6 సార్లు

ఇప్పుడు ఎదురు లెక్క. మందునీళ్ళలో ఒకసారి ముంచితే కదిలే పురుగుల్లో పదింటికి తొమ్మిది రాలతాయనుకుందాం. వెయ్యి ఉంటే వంద మిగులుతాయి. రెండోసారికి పది, మూడోసారికి ఒకటి. ఒకసారి ముంచడం ఎంత బాగా పనిచేసినా పని పూర్తి చేయలేదన్నది దీని అర్థం. మధ్యలో గుడ్లు పొదిగి కొత్త పిల్లలు వస్తుంటాయి కూడా. కనుక మందు ఘాటు పెంచే కన్నా వరస తప్పకుండా ముంచడమే మేలు. ఘాటు పెంచితే ముందు చచ్చేది పగడమే.

వరస ఎలా వేయాలి? రెండు నియమాలు చాలు. ఒకటి, రెండు ముంపుల మధ్య ఎడం పిల్ల పెద్దదయ్యే గడువు కన్నా బాగా తక్కువ ఉండాలి. అప్పుడే ఏ పిల్లా కొత్త గుడ్లు పెట్టేదాకా బతకదు. రెండు, మొదటి రోజున ఉన్న చివరి గుడ్డు పొదిగిన తర్వాత కూడా కనీసం రెండు ముంపులు ఉండాలి. గుడ్ల గడువు 21 రోజులు అనుకుని, 7 రోజులకోసారి ముంచితే క్యాలెండరు ఇలా వస్తుంది:

- 0వ రోజు: మొదటి ముంపు. అడుగు భాగం కోసి పారేయడం, కొత్త ప్లగ్ (ముక్కను నిలబెట్టే చిన్న దిమ్మ) మీద అతికించడం.
- 7, 14వ రోజులు: మొదట పొదిగిన పిల్లల కోసం.
- 21వ రోజు: ఆలస్యంగా పొదిగిన వాటి కోసం.
- 28, 35వ రోజులు: తప్పించుకున్న వాటి కోసం. మొత్తం 6 ముంపులు.
- 36 నుంచి 60వ రోజు వరకు: మందు లేదు, పరిశీలన మాత్రమే. ఈ మూడున్నర వారాల్లో ఒక్క కొత్త గాటు కనిపించినా లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు.

చివరి రెండు ముంపుల్లో ఒక్క పురుగూ రాలకపోతేనే పరిశీలన దశకు పోవాలి. ప్రతిసారీ రాలిన పురుగుల సంఖ్య నోటుబుక్కులో రాయండి. 14, 6, 9, 2, 0, 0 అన్న వరస చూస్తే మూడోసారి అంకె ఎందుకు పెరిగిందో మీకే అర్థమవుతుంది. అది ఓటమి కాదు, గుడ్లు పొదిగాయనడానికి గుర్తు.

5 నుంచి 10 నిమిషాలు, 3 గిన్నెలు

ముంచే పని చేతిలో ఎలా సాగాలో చూద్దాం. మూడు గిన్నెలు పెట్టుకోండి, మూడింటిలోనూ తొట్టి నీళ్ళే పోయండి. మొదటిదానిలో మందు కలపాలి, మిగతా రెండూ కడగడానికి. పగడాల కోసం తయారైన డిప్ మందులకు సీసా మీద రాసిన మోతాదు, సమయం దాటకూడదు. సాధారణంగా అది 5 నుంచి 10 నిమిషాలు ఉంటుంది. ఆ సమయమంతా రబ్బరు బల్బున్న గొట్టంతో కొమ్మల సందుల్లోకి నీళ్ళు చిమ్ముతూనే ఉండాలి. పురుగు చచ్చినా పగడాన్ని పట్టుకుని ఉండవచ్చు, నీటి దెబ్బకే రాలుతుంది. గిన్నె తెల్లగా ఉంటే అడుగున పడినవి కనిపిస్తాయి. వాడిన నీళ్ళలో ఒక్క చుక్క కూడా తొట్టిలోకి పోకూడదు.

ముంచడం కన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇంకొకటి ఉంది. అదే కోత. ఈ చదునుపురుగు గుడ్లను బతికున్న కండ మీద పెట్టదు. కండ అంచుకు పక్కనే, చనిపోయి బయటపడ్డ గట్టి భాగం మీద, గోధుమ పసుపు రంగు ముద్దలుగా పెడుతుంది. అంటే గుడ్లు ఎక్కడుంటాయో మనకు ముందే తెలుసు. కొనితెచ్చిన ముక్కను దాని పాత ప్లగ్‌తో సహా తొట్టిలో పెట్టకండి. కండ బాగున్న చోటికి కొంచెం పైన కోసి, అడుగు పారేసి, శుభ్రమైన ప్లగ్ మీద జిగురుతో అతికించండి. మందు తాకలేని గుడ్లలో అత్యధిక భాగం ఆ ఒక్క కోతతో పోతుంది. మిగిలిన వాటిని భూతద్దంతో వెతికి, మొనతో గీకి తీసేయవచ్చు.

ప్రాణులతో అదుపు చేసే దారీ ఉంది. సిక్స్‌లైన్ రాస్ అనే చేప ఈ పురుగులను తింటుంది. లిస్మాటా విట్టాటా అనే రొయ్య పురుగులతో పాటు గుడ్లనూ తింటుందని ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. అయితే ఇవి చీడను తగ్గిస్తాయే తప్ప తుడిచిపెట్టవు. వీటిని కాపలాగా పెట్టుకోవాలి, వైద్యంగా కాదు.

ఒక్కో చీడకు ఒక్కో అంకె

చదునుపురుగు లెక్కను మిగతా చీడలకు గుడ్డిగా అంటగట్టకూడదు. ఒక్కొక్కదాని బతుకు వేరు, కాబట్టి గడువూ వేరు.

అర మిల్లీమీటరు: ఇది రెడ్ బగ్ సైజు. పసుపు ఒంటి మీద ఎర్రచుక్కతో ఉండే ఈ టెగాస్టెస్ ఆక్రోపొరానస్ రొయ్యలకు దూరపు చుట్టమైన కోపెపాడ్. నున్నని చర్మం గల ఆక్రోపొరాల మీదే ఎక్కువగా ఉంటుంది. గుడ్లను పగడానికి అతికించదు, ఆడది వెంటేసుకుని తిరుగుతుంది. అందుకే చదునుపురుగు కన్నా దీన్ని వదిలించుకోవడం తేలిక. కుక్కల్లో హార్ట్‌వర్మ్ నివారణకు పశువైద్యులు రాసే మిల్బెమైసిన్ ఆక్సిమ్ దీని మీద పనిచేస్తుంది. కానీ అది తొట్టిలోని రొయ్యలనూ పీతలనూ కూడా చంపుతుంది. కనుక తొట్టి మొత్తానికి వాడేముందు వాటిని వేరే చోటికి తరలించాలి. పశువైద్యుని సలహా లేకుండా ఆ పనికి దిగకూడదు.

2020: మాంటిపొరా పగడాలను తినే తెల్లటి న్యూడిబ్రాంక్‌కు శాస్త్రం పేరు పెట్టిన ఏడాది. అక్వేరియం వ్యాపారంలో ఏళ్ళ తరబడి తిరిగిన ఈ గుల్లలేని నత్తను హాంకాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫెస్టిల్లా సబొడియోసాగా వర్ణించారు. కొన్ని మిల్లీమీటర్ల ప్రాణి ఇది, పగడం పలక అడుగున దాగుతుంది. దీని గుడ్లు చదునుపురుగు గుడ్ల కన్నా త్వరగా పొదుగుతాయి. అందుకే ముంపుల మధ్య ఎడం 7 రోజులు కాకుండా 4, 5 రోజులకు కుదించడం మంచిది.

81 శాతం: వెర్మెటిడ్ నత్త చేయగల నష్టానికి సముద్రం నుంచి వచ్చిన అంకె. ఇది పగడాన్ని తినదు. రాయికి గొట్టంలాంటి గుల్ల కట్టుకుని, జిగురు వల విసిరి తిండి పట్టుకుంటుంది. ఆ వల పగడం మీద పరుచుకుంటుంది. ఫ్రెంచ్ పాలినేషియాలోని మోరియాలో జరిగి 2010లో ప్రచురితమైన అధ్యయనంలో, ఈ కుటుంబానికి చెందిన ఒక పెద్ద నత్త వల్ల పగడం గట్టి భాగం ఎదుగుదల 81 శాతం వరకు, బతికి బట్టకట్టే అవకాశం 52 శాతం వరకు తగ్గాయి. తొట్టిలో కనిపించేవి సాధారణంగా చిన్న జాతులే. అయినా పగడానికి పక్కనే ఉన్న గొట్టాలను విరిచి, మూతిని జిగురుతో మూసేయాలి. పొడి తిండి, పగడపు తిండి అతిగా వేయడం తగ్గిస్తే కొత్తవి రావడమూ తగ్గుతుంది.

2015: ఐప్టేషియా జన్యుపటం ప్రచురితమైన ఏడాది. ఈ చిన్న గాజురంగు ఎనిమోన్ ప్రయోగశాలలో పగడాలకు బదులుగా నిలిచే ముఖ్యమైన ప్రాణి. పగడంలో లాగే దీనిలోనూ శైవలాలు కాపురముంటాయి. పైగా ఎంత సులువుగా పెరుగుతుందంటే, పాదం నుంచి ఊడిన చిన్న ముక్క కూడా కొత్త ప్రాణిగా మారుతుంది. శాస్త్రవేత్తకు వరమైన ఆ గుణమే తొట్టి యజమానికి చిక్కు. దీన్ని గీకితే ఒకటి పది అవుతుంది. పదిలోపు ఉంటే కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్దను మూతి మీద వేసి ఒక్కొక్కదాన్ని చంపవచ్చు. వందల్లో ఉంటే బెర్ఘియా న్యూడిబ్రాంక్‌లను దింపాలి. బెర్ఘియా తినేది ఐప్టేషియానే. అది అయిపోతే ఆకలితో చనిపోతుంది కనుక, చివర్లో మిగిలిన వాటిని అవసరమున్న మరొకరికి ఇవ్వడం న్యాయం. ఇక్కడ ఒక ముడి ఉంది. చదునుపురుగు కోసం తెచ్చిన సిక్స్‌లైన్ రాస్ బెర్ఘియాను కూడా తినేస్తుంది. ఏ చీడకు ఏ కాపలా పెడుతున్నామో ముందే ఆలోచించి, ఒకదాని తర్వాత ఒకటిగా చేయాలి.

129 కార్బన్ పరమాణువులు: మన ప్రాణానికి సంబంధించిన అంకె

చీడలున్న రాయిని వేడినీళ్ళలో మరిగిస్తే అన్నీ చస్తాయని కొందరికి ఆలోచన వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. జోయాంథిడ్, పాలిథోవా వర్గాల మెత్తటి పగడాల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మూర్, షోయర్ దీన్ని వేరుచేశారు. 129 కార్బన్ పరమాణువులున్న పెద్ద అణువు ఇది. ప్రోటీన్లు కాని సహజ విషాల్లో అత్యంత బలమైన వాటిలో ఒకటి. రాయిని మరిగిస్తే ఆ విషం ఆవిరితో పాటు తుంపరగా గాలిలో కలుస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ, పిల్లలకూ పెంపుడు జంతువులకూ ఊపిరితిత్తులకు ముప్పు.

ఈ పగడాలను కోసేటప్పుడు, కడిగేటప్పుడు చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. చేతి మీద గాయముంటే ఆ రోజుకు పని మానుకోండి. పని తర్వాత ఊపిరాడకపోవడం, జ్వరం, నోట్లో లోహపు రుచి, కండరాల నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, పాలిటాక్సిన్ పేరు చెప్పండి. వైద్యుడికి ఆ ఒక్క మాట చాలా సమయం కలిసొచ్చేలా చేస్తుంది.

40 లీటర్ల తొట్టి

ఇంత శ్రమా తగ్గించే మార్గం ఒక్కటే. కొత్త పగడం పెద్ద తొట్టిలోకి నేరుగా పోకూడదు. 40 లీటర్ల చిన్న తొట్టి, ఒక హీటర్, నీటిని కదిపే చిన్న పంపు, సరిపడే లైటు ఉంటే క్వారంటైన్‌కు చాలు. అడుగున ఇసుక, రాళ్ళు వద్దు, ఎందుకంటే పురుగు దాక్కునే చోటు ఎంత తక్కువుంటే మనకంత మేలు. ఉప్పు సాంద్రత 1.025 నుంచి 1.026, ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీలు, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ దగ్గర ఊగిసలాట లేకుండా ఉంచాలి. చిన్న తొట్టిలో నీరు ఆవిరై ఉప్పు త్వరగా పెరుగుతుంది, రోజూ మంచినీరు కొద్దిగా కలపాలి. వారానికోసారి చొప్పున ఆరుసార్లు వరసగా మందు తగిలే పగడానికి నిలకడైన నీరే బలం.

60 రోజుల గడువు ఇంకో విధంగానూ పనికొస్తుంది. ఈ తొట్టిలో చేపలు లేకపోతే, పగడం ప్లగ్ మీద వచ్చే చేపల తెల్లమచ్చ వ్యాధి క్రిములకు ఆతిథేయి దొరకదు. ఆ క్రిమి విషయంలో జాగ్రత్తపరులు 76 రోజులు ఆగుతారు. అంత ఆగగలిగితే ఒకే ఎదురుచూపుతో రెండు ముప్పులు తప్పుతాయి.

1972, 2001, 2022: మన దేశంలో చట్టం

అమెరికాలోనో ఐరోపాలోనో ఉంటూ ఈ అభిరుచి అలవరచుకున్న తెలుగువారు దుకాణంలో పెంపకపు పగడం ముక్కలు కొనగలరు. భారతదేశంలో పరిస్థితి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2001లో రీఫ్ నిర్మించే గట్టి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్‌లు మొదటి షెడ్యూలులో చేరాయి, అంటే పులికి ఉన్నంత రక్షణ. 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూలు ప్రాణులపై నేరానికి 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ రీఫ్‌ల నుంచి తెచ్చిన ముక్క ఎంత ముచ్చటగా ఉన్నా, ఎవరిచ్చినా తీసుకోకూడదు.

ఈ కట్టుబాటుకు బలమైన కారణం ఉంది. గ్రేట్ బారియర్ రీఫ్ మీద ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1985 నుంచి 2012 మధ్య పగడాల విస్తీర్ణం 28 శాతం నుంచి 13.8 శాతానికి పడిపోయింది. ఆ నష్టంలో 48 శాతానికి తుఫానులు, 42 శాతానికి పగడాలను తినే ముళ్ళ నక్షత్రచేప, 10 శాతానికి పగడాలు తెల్లబారడం కారణం. సముద్రంలోనూ చీడ ఎంత పని చేయగలదో ఆ 42 శాతం చెబుతుంది. ఇంట్లో చచ్చిన పగడానికి బదులు సముద్రం నుంచి ఇంకొకటి తెచ్చుకోవచ్చులే అనే ధోరణికి ఇక చోటు లేదు. ఉన్నదాన్ని కాపాడుకోవడం, దాని ముక్కల నుంచే కొత్తవి పెంచుకోవడం, ఈ అభిరుచికి మిగిలిన గౌరవమైన దారి అదే.

అందుకే పగడం ముక్క మరొకరికి ఇచ్చేటప్పుడు దాని చరిత్ర కూడా ఇవ్వాలి. చివరిసారి ముంచిన తేదీ, మొత్తం ఎన్ని ముంపులు, చివరి రెండింటిలో ఎన్ని పురుగులు రాలాయి అన్న మూడు అంకెలు చిన్న కాగితం మీద రాసి డబ్బాకు అతికించండి. తీసుకునేవాళ్ళు కూడా మొహమాటపడకుండా ఆ మూడూ అడగాలి, అడిగి తీసుకున్నాక కూడా తమ చిన్న తొట్టిలో 60 రోజులు ఉంచాలి. ఇచ్చేవారి లెక్క, పుచ్చుకునేవారి లెక్క రెండూ సరిగ్గా ఉన్న చోట చీడ ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పోలేదు.